ఇక్కడ నెట్ లేదు

ఆ వీధిలో అందరూ ఆయన్ని చెవులాయన అనేవాళ్ళు. చెవులేమీ పెద్దవి కావు. పొద్దస్తమానం హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఉంటాడు గనక ఆ పేరు వచ్చింది. పాలప్యాకెట్ల కోసం కిందికి దిగినా అవి మెడలో వేలాడుతూనే ఉండేవి. ప్రమాదాల మీద బీమా కంపెనీలు విచారణ జరిపినప్పుడు సాక్షుల మాటలు రికార్డు చేస్తారు. ఆ రికార్డులు ఇంటర్నెట్లో ఆయనకి వస్తాయి. వాటిని విని, ఉన్నదున్నట్టు టైపు చేసి పంపడం ఆయన ఉద్యోగం. కాలికింద కుట్టుమిషనుకున్నట్టు ఒక పెడలు ఉంటుంది. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. దగ్గులూ, ఏడుపులూ, జవాబు చెప్పలేక నీళ్ళు నమలడాలూ అన్నీ అక్షరాల్లోకి రావాలి. పరాయివాళ్ళ కష్టాలు చెవిలో పోసుకోవడమే బతుకుదెరువైన మనిషి కాబట్టి, తనంతట తాను మాట్లాడ్డం తక్కువ.

ఆ ఇంట్లో పై వాటాలో ఆయనా, అత్తగారూ ఉండేవారు. మధ్యలో ఉండాల్సిన మనిషి లేదు. ఆయన భార్య గాజుసామాను అమ్మే పెద్ద దుకాణంలో పనిచేసేది. రెండేళ్ళ కిందట పని ముగించుకుని నడిచి వస్తూ ఫుట్‌పాత్ మీద కుప్పకూలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఎవరో అంబులెన్సు పిలిచారు. దుకాణం వాళ్ళు కబురు చేస్తే చెవులాయన ఆసుపత్రికి పరిగెత్తేసరికే అంతా అయిపోయింది. ఆమె చెప్పులూ, చేతిసంచీ, గుడ్డలో ముడివేసిన చెవి దుద్దులూ ఆయన చేతిలో పెట్టారు. ఫోను లేదు. ఆ క్షణంలో ఫోను సంగతి ఎవరికి గుర్తుంటుంది? తర్వాత అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. రోడ్డుమీదే ఎవరో కొట్టేసి ఉంటారనుకుని ఆ నంబరు ఆపించేశాడు.

కూతురు పోయాక అల్లుడూ అత్తా ఒకే ఇంట్లో ఏం ఉంటారని చుట్టాలు గుసగుసలాడారు. అత్తగారు ఆ మాట చెవినబడి, "నేను కూడా వెళ్ళిపోతే ఈయన్ని అన్నానికి లేపేదెవరు? పిలిస్తే వినపడి చావదుగా" అంది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు.

భార్య ఉన్నరోజుల్లో ఇంటి వైఫైకి ఆమే పేరు పెట్టింది. పక్కవాళ్ళు పాస్‌వర్డ్ అడక్కుండా ఉండటానికి, ఇంగ్లీషు అక్షరాల్లో "ఇక్కడ నెట్ లేదు" అని రాసింది. నెట్ అన్నదానికి చివర రెండు టీలు పెట్టింది. ఎందుకు రెండని భర్త అడిగితే, "ఒక టీ మీకు, ఒక టీ అమ్మకి" అని నవ్వింది. ఆమె పోయాక నెట్ కంపెనీ వాళ్ళు కొత్త వైఫై డబ్బా బిగించారు. దానికి అంకెలతో నిండిన ఏదో పేరుంది. చెవులాయన దాన్ని మార్చలేదు. పాత పేరు కళ్ళబడకపోవడమే నయమనిపించింది.

ఈమధ్య అత్తగారి తీరు ఆయనకి దిగులు పుట్టిస్తోంది. మధ్యాహ్నం పూట, వీధి సద్దుమణిగిన వేళ, ఆవిడ లేచి వెళ్ళి తలుపు గడియ తీస్తోంది. గుమ్మంలో కాసేపు నిలబడి, ఖాళీ మెట్లకేసి చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంటోంది. మంచినీళ్ళకి బయటికి వచ్చినప్పుడల్లా బార్లా తీసిన తలుపు ఆయనకి కనిపించేది.

"ఎవరొచ్చారత్తయ్యా?"

"ఎవరూ లేరు. అమ్మాయి పిలిచినట్టయింది."

ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. కూర తరుగుతూ చెప్పినట్టు మామూలుగా చెప్పింది. డాక్టరు వయసు మీదపడిందని చెప్పి నిద్రమాత్ర రాశాడు. కింది వాటాలో అద్దెకుంటున్న ఆయా ఆ మాత్ర చూసి, "సగం వేసుకోండి చాలు పెద్దమ్మా" అంది. ఆమె ఆసుపత్రి వార్డులో పనిచేస్తుంది. ముప్పై అయిదు దాటిన ఒంటరి మనిషి. తెల్లారకముందే డ్యూటీకి పోయి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. దిగినరోజే వేడినీళ్ళ సంచి పట్టుకుని పైకొచ్చి, "పెద్దమ్మా, ఎడమ మోకాలేగా మీకు?" అని అడిగింది. నడక చూసి కనిపెట్టిందని అత్తగారు మురిసిపోయింది. వెల్లుల్లి వాసన ఆవిడకి పడదనీ, తడిగుడ్డ మంచం కోడుమీద వేస్తే ఒంటికాలిమీద లేస్తుందనీ ఎవరూ చెప్పకుండానే ఆయాకి తెలుసు. మంచి పిల్ల దొరికిందనుకున్నారు.

ఇలా ఉండగా బీమా కంపెనీ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ళంతా తమ వైఫై ఎంత భద్రంగా ఉందో స్వయంగా పరీక్షించుకుని రిపోర్టు పంపాలి. ఎలా చెయ్యాలో వీడియో ఒకటి పంపారు. దానికి తగిన వైర్‌లెస్ అడాప్టర్ కొనుక్కోమన్నారు. చెవులాయన గోరంత అడాప్టర్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాడు. లాప్‌టాప్‌కి గుచ్చితే దీపం వెలిగింది, అంతే. వీడియోలో చెప్పిన పని ఒక్కటీ చెయ్యలేదు. విసుగుపుట్టి దాన్ని పట్టుకుని ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే సందుకి వెళ్ళాడు.

నుదుటిమీద భూతద్దం తగిలించుకున్న దుకాణదారు ఆ గోరంత వస్తువుని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఎవరి వైఫై పరీక్షించాలి?"

"మాదే. కంపెనీ వాళ్ళు అడిగారు."

"మీదైతే కూర్చోండి. పక్కింటిదైతే వచ్చిన దారినే వెళ్ళండి."

చెవులాయన కూర్చున్నాడు.

"ఇది పనికిరాదండీ. మీ లాప్‌టాప్ లోపలుండేదీ పనికిరాదు," అన్నాడు దుకాణదారు. "అవి మర్యాదస్తులు. తమ పేరుతో వచ్చిన మాటే వింటాయి. పక్కవాళ్ళ మాట చెవినపడినా విననట్టు ఊరుకుంటాయి. మీకు కావలసింది మర్యాద లేనిది. గాల్లో ఎవరు ఎవరితో ఏమన్నా వినేది. మానిటర్ మోడ్ అంటారు దాన్ని."

"నా ఉద్యోగమూ అదే," అన్నాడు చెవులాయన.

దుకాణదారు నవ్వి, అద్దాల బీరువాలోంచి నాలుగైదు డబ్బాలు తీసి బల్లమీద పరిచాడు. "వినడం ఒక్కటే చాలదు. తిరిగి ఒక మాట అనగలగాలి. తలుపు తోసి చూస్తేనేగా గడియ గట్టిదో కాదో తెలిసేది. ఇది వింటుంది గానీ నోరు లేదు, తీసెయ్యండి. ఇదిగో, దీనికి రెండూ ఉన్నాయి గానీ ఒక్క బ్యాండే పట్టుకుంటుంది, వైఫై మాటలు రెండు బ్యాండ్ల మీద నడుస్తాయి. పాత సామాన్లు రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్‌లో తిరుగుతాయి, కొత్తవాటిలో చాలామటుకు అయిదులో. ఒక్కటే వినేది కొంటే సగం ఇల్లు వెతికి తాళం దొరకలేదన్నట్టుంటుంది."

మిగిలినవాటిలో రెండు డబ్బాలు అచ్చం కవలల్లా ఉన్నాయి. అదే బొమ్మ, అదే పేరు. చెవులాయన చవకగా ఉన్నదాని మీద చెయ్యి వేశాడు.

"ఆగండాగండి. అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. వెనక సన్నక్షరాలు చూడండి. ఇది రెండో వెర్షను. కంపెనీవాడు పైన పేరు మార్చకుండా లోపల చిప్పు మార్చేశాడు. దీంతో మీ పని కాదు. ఈ పాతదే తీసుకోండి. పెట్టగానే పలుకుతుంది."

చెవులాయన పాతదే తీసుకున్నాడు. బారెడు యాంటెన్నా కూడా పెట్టించమంటారా అని అడగబోతే దుకాణదారే చేయి అడ్డంగా ఊపాడు. "అది పెడితే వీధి చివరి మాటలు కూడా మీ ఒళ్ళో వచ్చి పడతాయి. ఏది మీదో ఏది పరాయిదో తేల్చుకోలేక తల పట్టుకుంటారు. ఇంటికి పొట్టిదే మేలు."

పనిచేస్తుందో లేదో తన కంప్యూటర్‌కి పెట్టి చూపించాడు. తెరమీద పైభాగంలో చుట్టుపక్కల వైఫైల పేర్లు వచ్చాయి. కింద వేరేగా ఇంకొన్ని వరసలు పాకుతున్నాయి.

"అవేంటి?"

"ఏ వైఫైకీ తగులుకోని ఫోన్లు. పాత ఫోన్లు ఊరికే ఉండవండీ. ఇదివరకు తగులుకున్న వైఫైలన్నిటినీ పేరుపెట్టి పిలుస్తుంటాయి, ఉన్నావా, ఉన్నావా అని. నిద్రలో కలవరిస్తారే, అలాగ. కొత్త ఫోన్లకి ఆ అలవాటు మాన్పించారు లెండి."

చెవులాయన ఆ వరసల్ని చూస్తూ ఉండిపోయాడు. ఎవరివో ఇళ్ళు, ఎవరివో హోటళ్ళు, ఏవో ఊళ్ళ స్టేషన్లు. నిద్రపోతున్న మనుషుల మంచాల మధ్య నడుస్తున్నట్టుగా అనిపించి చూపు తిప్పుకున్నాడు.

మర్నాడు భోజనమయ్యాక పరీక్ష మొదలుపెట్టాడు. ఆయన వైఫై పైకి కనిపించినంత గట్టిదేమీ కాదని తేలింది. పాస్‌వర్డ్ లేకుండా బొత్తాం నొక్కి కలుపుకునే సౌకర్యం ఒకటి బిగించినవాడు తెరిచే వదిలేశాడు. డబ్బాని నడిపించే పాస్‌వర్డ్ కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే. రెండూ సరిచేసుకున్నాడు. రిపోర్టులో పెట్టడానికి తెర ఫోటో తీసుకుంటుండగా కింది భాగంలో కొత్త వరస ఒకటి పుట్టింది. ఎవరిదో ఫోను కలవరించడం మొదలుపెట్టింది.

మొదట పిలిచిన పేరు: ఇక్కడ నెట్ లేదు.

రెండు టీలతో.

చెవులాయన వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. చదివింది మళ్ళీ చదివాడు. ఇంకెవరైనా ఇలాంటి పేరు పెట్టుకుని ఉండొచ్చని తనకు తాను సర్దిచెప్పుకోబోయాడు. ఈలోగా ఆ ఫోనే రెండో పేరు పిలిచింది. అది గాజుసామాను దుకాణం పేరు. రెండేళ్ళుగా జాడలేని ఫోను, ఈ గోడల పక్కనెక్కడో కళ్ళు తెరిచి, ఇప్పుడు లేని ఇంటిని పేరుపెట్టి పిలుస్తోంది.

మూడో పేరు వచ్చింది. అది ఆసుపత్రి స్టాఫ్ వైఫై.

ఆయన పెడలు మీంచి కాలు తీసేశాడు. భార్యని ఆ ఆసుపత్రిలోకి తెచ్చేసరికి ఆమెకి స్పృహ లేదు. ఫోను తీసి వైఫైకి కలుపుకునే స్థితిలో లేదు. అంటే ఆమె పోయాక ఎవరో ఆ ఫోను తెరిచారు. అక్కడ కలిపారు. ఇక్కడికి తెచ్చారు.

ప్రతి వరసలోనూ పిలుపు ఎంత గట్టిగా వినపడుతోందో చెప్పే అంకె ఉంటుంది. లాప్‌టాప్‌ని పళ్ళెంలా రెండు చేతుల్లో పట్టుకుని చెవులాయన ఇల్లంతా తిరిగాడు. వీధివైపు కిటికీ దగ్గర పిలుపు బలహీనమైంది. బాల్కనీలో ఇంకా తగ్గింది. పడగ్గదిలో కాస్త పెరిగింది. వంటింట్లోకి వెళ్ళేసరికి బాగా పెరిగింది. సింకు దగ్గర వంగితే ఇంకా పెరిగింది. నేలమీద పెడితే, ఎదురుగా కూర్చున్న మనిషి మాట్లాడినంత గట్టిగా ఉంది.

"ఏం పోగొట్టుకున్నారు బాబూ?" హాల్లోంచి అడిగింది అత్తగారు. బోర్లాపడ్డ అల్లుడి కాళ్ళు మాత్రమే ఆవిడకి కనిపిస్తున్నాయి.

"ఏం లేదత్తయ్యా. మీరు కూర్చోండి."

సింకు గొట్టం నేలలోంచి కిందికి దిగేచోట వేలు పట్టేంత సందుంది. ఆ సందులోంచి అప్పుడు మాట వినిపించింది.

"వచ్చేశా. తలుపు తియ్యండి. మెట్లెక్కుతున్నా."

ఆయాసం. మెట్లమీద చెప్పుల టపటపలు. తాళాల గుత్తి గలగల. చెవులాయన చెంప నేలకి ఆనించే ఉంచాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే కాలింగ్ బెల్లు వినపడదని, రోజూ మెట్ల దగ్గర నుంచి భార్య ఇలాగే మాట రికార్డు చేసి ఫోనుకి పంపేది. టైపు చెయ్యడానికి బద్ధకం ఆమెకి. ఇంట్లో టైపు చేసేవాడు ఒకడుంటే చాలు అనేది. ఆ మాటలన్నీ ఆయన ఫోనులోనూ ఉన్నాయి. ఊరివాళ్ళ మాటలన్నీ వినే మనిషి, ఈ రెండేళ్ళలో భార్య మాట ఒక్కటీ పెట్టుకుని వినలేదు.

హాల్లో కుర్చీ కిర్రుమంది. "అదిగో," అంది అత్తగారు. గడియ తీసిన చప్పుడు వినిపించింది.

ఆయన చెవి వృత్తిలో ఆరితేరిన చెవి. రికార్డు చేసిన మాటకి అంచులుంటాయి. మాట మొదలవగానే చుట్టూ ఉన్న నిశ్శబ్దం మారుతుంది, అయిపోగానే మళ్ళీ మారుతుంది. ఆ అంచులు ఇప్పుడు స్పష్టంగా వినిపించాయి. దయ్యమూ కాదు, భూతమూ కాదు. మాట ఆగిన తర్వాత, ఆ సందులోంచే, ఎవరో నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలారు. దానికి అంచులు లేవు.

ఆయన మెట్లు దిగి కింది వాటా తలుపు తట్టాడు. ఆయా వెంటనే తీసింది. ఆసుపత్రి చీర ఇంకా మార్చుకోలేదు. చార్జరు తీగతో సహా ఫోను చేతిలోనే ఉంది. మూల పగిలిన అద్దం, దానిమీద భార్య అతికించిన పచ్చ స్టిక్కరు. దాచుకోవాలన్న ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"కూర్చోండి అన్నయ్యగారూ."

"అక్కర్లేదు."

"ఆ రోజే ఇచ్చెయ్యాల్సింది," అంది ఆమె. "అక్కని స్ట్రెచరు మీద తెచ్చారు. దుద్దులు విప్పి ముడివేసింది నేనే. అప్పుడే డాక్టరుగారు చూసి, అయిపోయిందన్నారు. ఆ వెంటనే ఫోను మోగింది. మీరే చేస్తున్నారు. తీసి ఏం చెప్పను? చెప్పే అధికారం నాకు లేదు. మోగుతున్నదాన్ని అక్కడ వదల్లేక నడుములో దోపుకున్నా. మీరు వచ్చేదాకా నా ఒంటిమీద మోగుతూనే ఉంది."

ఆ రోజు ఎన్నిసార్లు ఫోను చేశాడో చెవులాయనకే తెలియదు.

"ఇంటికి పోయాక చూసుకున్నా, ఇవ్వడం మర్చిపోయానని. లాక్ లేదు. అక్క రికార్డు చేసిన మాటల్లో ఒక్కటి విన్నా. ఎవరో ఇంటికొస్తున్నట్టుంది. నాకెప్పుడూ ఎవరూ అలా చెప్పి రాలేదు. ఇంకొకటి విన్నా. అలా... మర్నాడు డ్యూటీలో వైఫైకి కలిపా. ఆ తర్వాత రోజూ మీరు రాసినవి వచ్చాయి."

ఆయన చెవులు వేడెక్కాయి. భార్య పోయాక కొన్నాళ్ళు, ఎవరికీ చేరదన్న ధైర్యంతో, ఆమె ఫోనుకి ఏవేవో రాస్తూ ఉండేవాడు.

"చదివావా?"

"చదివాను. మోకాలి సంగతి, వెల్లుల్లి సంగతి అక్క మాటల్లో తెలిశాయి. పెద్దమ్మ అన్నం సరిగ్గా తినడం లేదని మాత్రం మీరు రాశారు. ఫోను ఇచ్చేసి పోదామనే ఆసుపత్రి రిజిస్టరులో అడ్రసు చూసి ఈ ఇల్లు వెతుక్కుంటూ వచ్చా. గేటుకి అద్దెకివ్వబడును అని బోర్డుంది."

వంటింటి గొట్టంలోంచి పైన అత్తగారి అడుగులు వినిపిస్తున్నాయి, గుమ్మం నుంచి కుర్చీదాకా.

"నువ్వు ఇది పెట్టినప్పుడల్లా ఆవిడ తలుపు తీస్తున్నారు. తెలుసా నీకు?"

"తెలుసు," అంది ఆయా. ఆమె చూపు గొట్టం మీదే ఉంది. "గడియ తీసిన చప్పుడు ఇక్కడికి వినపడుతుంది. అందుకే పెడతా."

ఆయన చెయ్యి చాపాడు. ఆమె తీగ చుట్టి, కొంగుతో అద్దం తుడిచి, ఫోను ఆయన చేతిలో పెట్టింది. వేడిగా ఉంది. పసిపిల్ల నుదురు ముట్టుకున్నట్టనిపించింది ఆయనకి.

పైకి వచ్చి అత్తగారికి ఉన్నదంతా చెప్పాడు. ఇక దాచడమెందుకని ఫోనులో ఆ మాట పెట్టి వినిపించాడు. వచ్చేశా, తలుపు తియ్యండి. అత్తగారు తల వంచి విని, మెల్లగా అడ్డంగా ఊపింది.

"మాట అమ్మాయిదే. కానీ ఇది ఫోను బాబూ. కిందనుంచి వచ్చేది ఇలా ఉండదు."

కంపెనీకి రిపోర్టు వెళ్ళింది. లోపాలు సరిచేయడమైనది, ఇంట్లో పరాయి పరికరాలు లేవు అని రాశాడు. ఆ తర్వాత మధ్యాహ్నాలు చప్పుడు లేకుండా గడిచాయి. అత్తగారు తలుపు దగ్గరికి పోలేదు. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. ఆయా పైకి రావడం మానేసింది. కింద ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా ఉండేది. ఇల్లు ఖాళీ చేస్తానని ఇంటాయనకి చెప్పిందని తెలిసింది.

ఒకరోజు అత్తగారు, "ఆ పిల్లని ఒకసారి పైకి రమ్మనండి" అంది.

"ఆమె చేసింది దొంగతనం అత్తయ్యా."

"అవును. కాదన్నానా?" ఆవిడ చేతిలో ఉన్న దువ్వెన పక్కన పెట్టింది. "అమ్మాయి దుద్దులు విప్పిన చెయ్యి అది. ఆ వేళకి నేను లేను, మీరు లేరు. ఆ పిల్ల ఉంది. అప్పుడు అమ్మాయి ఎలా ఉందో అడగాలి. మొహం ఎలా పెట్టిందో అడగాలి."

ఆయా వచ్చింది. గుమ్మం బయటే నిలబడితే అత్తగారు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. చెవులాయన గదిలోకి పోయి తలుపు మూసుకున్నాడు. ఆ మాటలు వినే శక్తి తనకి లేదని తెలుసు. చాలాసేపటికి బయటికి వస్తే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

ఆయా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. డ్యూటీ ముగిసిన మధ్యాహ్నాల్లో పైకొచ్చి అత్తగారి దగ్గర కూర్చోవడం అలవాటైంది. చెవులాయన మొదట మొహం ముడుచుకున్నా, అత్తగారు మళ్ళీ రెండోసారి అన్నం పెట్టించుకోవడం చూసి మెత్తబడ్డాడు. ఫోను స్విచాఫ్ చేసి సొరుగులో వేశాడు.

మార్పు ఎప్పుడు మొదలైందో ఆయనకి చెప్పడం కష్టం. ఆయా మొదట్లో పెద్దమ్మా, మీరు అనేది. కొన్నాళ్ళకి మీరు పోయి నువ్వు వచ్చింది. తర్వాత పెద్దమ్మ పోయింది. "అమ్మా, మందు వేసుకున్నావా లేదా, నిజం చెప్పు," అన్న మాట ఒకరోజు ఆయన గదిలోకి వచ్చింది. ఆ విరుపూ, "నిజం" దగ్గర ఆ సాగదీతా ఎవరివో ఆయనకి తెలుసు. రెండేళ్ళు రోజూ విన్న మాటలు ఆమె నాలుకమీదికి ఎక్కిపోయాయి. ఒకసారి అడుగుదామని బయటికి వచ్చాడు కూడా. అత్తగారు కళ్ళు మూసుకుని, పెదవులమీద చిన్న నవ్వుతో వింటోంది. ఆయన మంచినీళ్ళు తాగి వెనక్కి వెళ్ళిపోయాడు.

ఒక మధ్యాహ్నం పని మధ్యలో లేచి బయటికి వచ్చాడు. వేసవి గాలికి కిటికీ తెర లేస్తోంది. అత్తగారు వాలుకుర్చీలో నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. పక్కన పీటమీద కూర్చుని ఆయా మాట్లాడుతూనే ఉంది. దుకాణంలో గాజు జాడీ పగలగొట్టిన పిల్లాడి సంగతి. వాడి తల్లి చీవాట్లు పెట్టిన సంగతి. అది భార్య ఎప్పుడో చెప్పిన ముచ్చటే. వినేవాళ్ళు లేరని ఆమెకి పట్టినట్టు లేదు. చెవులాయన గుమ్మంలో నిలబడిపోయాడు.

ఆయా తల తిప్పి చూసింది. ఉలిక్కిపడలేదు, మాట ఆపలేదు. పెదవుల మీద వేలు పెట్టుకుని, గొంతు తగ్గించి అంది:

"ఏవండీ, కాస్త ఆ ఫ్యాను తగ్గించండి. అమ్మ నిద్రపోయింది."

ఆయన వెళ్ళి ఫ్యాను తగ్గించాడు. బొత్తాం మీంచి చెయ్యి తీశాక గానీ తను ఏం చేశాడో తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయా మోకాళ్ళ మీద తల వాల్చుకుని కూర్చుని ఉంది, అలిసిపోయి ఇల్లు చేరిన మనిషిలా.

అనాల్సింది ఏదో ఉందని ఆయనకి తెలుసు. రేపే ఖాళీ చెయ్యమనాలి, లేదా తనే ఇల్లు మారాలి. సాయంత్రం ఇంటాయన కనిపిస్తే ఎండల గురించి మాట్లాడాడు. అత్తగారికి చెప్పలేదు. మరుసటి వారం ఆయాకి సెలవున్న రోజున, భోజనమయ్యాక, చెవులాయన పనిలో కూర్చున్నాడు. తన గది తలుపు మాత్రం వేసుకోలేదు, హెడ్‌ఫోన్లు ఒక చెవికే పెట్టుకున్నాడు.